హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత జాగ్రత్తలు: మొదటి రాత్రి నుంచి ఏడాది వరకు

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ముగించుకుని ఇంటికి బయలుదేరేవారి చేతిలో సాధారణంగా కొన్ని మందులు, ఒక సెలైన్ స్ప్రే, ఒకటి రెండు పేజీల సూచనల కాగితం ఉంటాయి. ఏం చేయాలో, ఏం చేయకూడదో ఆ కాగితంలో ఉంటుంది గానీ ఎందుకన్నది చాలావరకు ఉండదు. కారణం తెలియని నియమాన్ని మనిషి అయితే అతిగా పాటిస్తాడు, లేదంటే మూడో రోజుకే వదిలేస్తాడు. రెండు వారాలు తలకు నీళ్లు తగలనివ్వనివారూ, ఐదో రోజునే జిమ్‌లో బరువులెత్తేవారూ ఒకే రకం కాగితం చదివినవారే. అందువల్ల ఇక్కడ ప్రతి జాగ్రత్తతో పాటు ఆ సమయంలో చర్మంలో ఏం జరుగుతోందో కూడా వివరించాను. మీ సర్జన్ చెప్పినది దీనికి భిన్నంగా ఉంటే సర్జన్ మాటనే పాటించండి. మీ తలపై ఏ పద్ధతి వాడారో, గ్రాఫ్ట్‌లను, అంటే నాటే వెంట్రుక కుదుళ్లను, ఎంత దగ్గరగా నాటారో, మీకున్న ఇతర ఆరోగ్య సమస్యలేమిటో తెలిసినది వారికే.

నాటిన కుదురు ఎలా నిలదొక్కుకుంటుంది

తల వెనుక భాగం నుంచి, చెవుల పైభాగం నుంచి తీసిన కుదుళ్లను ముందు వైపునో మాడు మీదో నాటడమే ఈ చికిత్స. ఒక్కో గ్రాఫ్ట్‌లో సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. ఎఫ్‌యూఈ పద్ధతిలో దాదాపు ఒక మిల్లీమీటరు లేదా అంతకంటే తక్కువ వ్యాసమున్న పంచ్ అనే గుండ్రని పరికరంతో కుదుళ్లను విడివిడిగా తీస్తారు కాబట్టి తల వెనుక వందలాది, ఒక్కోసారి వేలాది చిన్న చిన్న గాయాలు మిగులుతాయి. ఎఫ్‌యూటీ పద్ధతిలో సన్నని చర్మపు పట్టీని కోసి తీసి, అంచులను కుట్లతో కలుపుతారు కాబట్టి ఒకే పొడవాటి కోత ఉంటుంది. కోలుకోవడంలో ఈ రెండింటికీ ఉన్న తేడా అంతా తల వెనుక భాగానిదే. నాటిన చోట తీసుకోవలసిన జాగ్రత్తలు రెండింటిలోనూ ఒకటే.

శరీరం నుంచి విడివడిన గ్రాఫ్ట్‌కు సొంత రక్తసరఫరా ఉండదు. చర్మంలో చేసిన చిన్న చీలికలో దాన్ని కూర్చోబెట్టాక తొలి రెండు మూడు రోజులు అది చుట్టూ ఉన్న కణజాలం నుంచి ఊరే ద్రవంలోని ఆక్సిజన్, పోషకాలతోనే బతుకుతుంది. ఆ తర్వాత చుట్టుపక్కల ఉన్న సూక్ష్మ రక్తనాళాలు క్రమంగా దానితో కలుస్తాయి. ఈలోగా దాన్ని చోటు కదలకుండా పట్టి ఉంచేది గడ్డకట్టిన రక్తంలోని ఫైబ్రిన్ అనే ప్రోటీన్ మాత్రమే. నాటిన గ్రాఫ్ట్‌లు ఎన్ని రోజులకు గట్టిపడతాయన్నదాన్ని పరీక్షించి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, మొదటి రెండు రోజుల్లో వెంట్రుకను పట్టి లాగితే గ్రాఫ్ట్ ఊడివచ్చే ప్రమాదం ఎక్కువగా ఉంటుంది. అంటుకుని ఉన్న పక్కును పీకితే ఆ ప్రమాదం మరికొన్ని రోజులు కొనసాగుతుంది. తొమ్మిది రోజులు గడిచేసరికి గ్రాఫ్ట్ చర్మంలో స్థిరపడిపోతుంది.

జాగ్రత్తలన్నీ ఈ లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి. మొదటి మూడు రోజుల్లో నాటిన చోటును చేతితో తాకే పని దాదాపు ఉండకూడదు. నాలుగో రోజు నుంచి పదో రోజు వరకు మెత్తగా తాకుతూ కడుక్కోవాలి. పదో రోజు దాటాక పక్కులేవీ మిగలకుండా శుభ్రం చేసుకోవాలి. ఈ చివరి దశకు వచ్చాక కూడా మొదటి రోజు భయంతోనే ఉండిపోయేవారు చాలామంది ఉంటారు, దానివల్ల మేలు కంటే నష్టమే ఎక్కువ.

మొదటి రాత్రి

ఆపరేషన్ సమయంలో ఇచ్చిన మత్తు మందుల ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది కనుక మీరు స్వయంగా వాహనం నడపకుండా తోడుగా ఎవరినైనా పిలుచుకోండి. కారు ఎక్కేటప్పుడు తలుపు పై అంచు తలకు తగలడం ఈ చికిత్స తర్వాత తరచుగా జరిగే ప్రమాదం. తల మొద్దుబారి ఉండడం వల్ల తగిలిన సంగతి వెంటనే తెలియదు, తెలిసేసరికి కొన్ని గ్రాఫ్ట్‌లు రక్తంతో పాటు బయటికి వచ్చేసి ఉండవచ్చు. వంటగదిలో తెరిచి ఉంచిన అలమార తలుపు విషయంలోనూ అంతే. మొదటి వారం తల వంచి లోపలికి దూరవలసిన ప్రతిచోటా ఒక క్షణం ఆగి, చేత్తో అంచును పట్టుకుని మరీ కదలండి.

ఇంటికి చేరాక బట్టలు మార్చుకోవడానికి తల మీదుగా తొడిగే బనియన్లు, టీ షర్టులు పనికిరావు. ముందు గుండీలున్న చొక్కాలను వారం పాటు వాడుకునేలా ముందే సిద్ధం చేసుకోవాలి. పడుకునేటప్పుడు తల భాగం 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉండేలా దిండ్లు పేర్చుకుని, వెల్లకిలా పడుకోండి. ప్రయాణాల్లో మెడకు పెట్టుకునే గుండ్రని దిండు ఈ రోజుల్లో బాగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే నిద్రలో తల పక్కకు వాలకుండా అది ఆపుతుంది, తల వెనుక గాయాలు దిండుకు రాసుకోవడమూ తగ్గుతుంది. వాలు కుర్చీలో పడుకోగలిగితే మరీ మంచిది. ఈ భంగిమ కనీసం నాలుగైదు రాత్రులు అవసరం. పది రోజుల వరకు బోర్లా పడుకోకూడదు, నాటిన భాగం దిండుకు ఆనేలా పక్కకు తిరిగి పడుకోకూడదు.

లోకల్ అనస్థీషియా తగ్గేకొద్దీ తల వెనుక మంట, బిగుసుకున్నట్టుండే నొప్పి మొదలవుతాయి. నాటిన చోట నొప్పి పెద్దగా ఉండదు. సర్జన్ రాసిన నొప్పి మాత్రను నొప్పి భరించలేనంతగా పెరిగాక కాకుండా నిద్రకు ముందే వేసుకుంటే రాత్రి గడుస్తుంది. దిండు మీద శుభ్రమైన పాత తువ్వాలు పరుచుకోండి. గులాబీ రంగు రసి, కాస్త రక్తం మరకలు మొదటి రాత్రి మామూలే. వెనుక భాగం నుంచి రక్తం కారుతూనే ఉంటే గాయాలకు కట్టే శుభ్రమైన పలుచని గుడ్డను మడిచి గట్టిగా అదిమి, మధ్యలో తీసి చూడకుండా 15 నుంచి 20 నిమిషాలు అలాగే పట్టుకోండి. నాటిన చోట రక్తం ఊరుతుంటే సెలైన్‌తో తడిపిన గుడ్డను కదలకుండా మెత్తగా ఆనించాలే తప్ప తుడవకూడదు. అప్పటికీ ఆగకపోతే వెంటనే క్లినిక్‌కు ఫోన్ చేయాలి.

సెలైన్ స్ప్రేను మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో ఒకసారి, కొంత దూరం నుంచి, సన్నని తుంపర పడేలా చల్లుకోవాలి. గ్రాఫ్ట్ చుట్టూ ఊరిన రసి ఎండిపోయి మందమైన పక్కు కట్టకుండా చూడడం దీని ఉద్దేశం. మొదటి మూడు రోజులు శ్రద్ధగా తడిపినవారికి రెండో వారంలో పక్కులు వదిలించుకోవడం ఎంతో తేలికవుతుంది.

వాపు

రెండో రోజు ఉదయం వరకు అంతా బాగానే ఉందనుకున్నవారు మూడో రోజు అద్దంలో చూసుకుని కంగారుపడతారు. ఆపరేషన్ సమయంలో చర్మం కింద ఎక్కించిన సెలైన్, మత్తు మందుల ద్రవం, దానికి తోడు గాయం మానేటప్పుడు వచ్చే సహజమైన వాపు కలిసి కిందికి జారతాయి. మొదట నుదురు ఉబ్బుతుంది, తర్వాత కనుబొమ్మల మధ్య భాగం, ఆపై కనురెప్పలు. మూడు, నాలుగు రోజులప్పుడు ఇది ఎక్కువగా ఉండి, వారంలోపు తగ్గిపోతుంది. కొందరికి కళ్ల చుట్టూ నల్లగా కమిలినట్టు కూడా అవుతుంది. గ్రాఫ్ట్‌లకు దీనివల్ల హాని లేదు.

తల ఎత్తులో పెట్టుకుని పడుకోమనడానికి ముఖ్య కారణం ఇదే. నేల మీది వస్తువు తీయాలన్నా, బూట్ల తాడు కట్టుకోవాలన్నా నడుము వంచకుండా మోకాళ్లు వంచి కూర్చోండి. చల్లని ప్యాక్‌ను గుడ్డలో చుట్టి నుదుటి మీద, నాటిన వరుసకు బాగా కిందుగా, ఒక్కోసారి పది పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు. గ్రాఫ్ట్‌ల మీద మాత్రం ఐస్ ఎప్పుడూ పెట్టకూడదు. వాపు తగ్గడానికి కొన్ని రోజుల పాటు స్టెరాయిడ్ మాత్రలు రాసే సర్జన్లూ ఉన్నారు. మధుమేహం ఉన్నవారికి ఆ మాత్రలతో చక్కెర స్థాయి పెరుగుతుంది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పి ఉండాలి. వాపు ఒకే వైపున ఎర్రగా, వేడిగా, నొప్పిగా ఉన్నా, చూపు మసకబారినా అది మామూలు వాపు కాకపోవచ్చు. ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించాలి.

ఇక ఎక్కిళ్ల సంగతి. కొద్దిమందికి ఆపరేషన్ తర్వాత గంటల తరబడి, ఒక్కోసారి రెండు మూడు రోజులు ఎక్కిళ్లు ఆగవు. దీనికీ జుట్టుకూ ఏం సంబంధమని రోగులు చెప్పడానికి మొహమాటపడతారు గానీ, ఇది సర్జన్లకు తెలిసిన విషయమే. నిద్ర పట్టనివ్వకపోతే మందు అడగండి.

తలస్నానం

కోలుకునే కాలమంతటిలో జాగ్రత్తగా నేర్చుకోవలసిన పని ఇదొక్కటే. మొదటి స్నానం ఎప్పుడన్నది క్లినిక్‌ను బట్టి 24 గంటల నుంచి 72 గంటల వరకు మారుతుంది, చాలాచోట్ల దాన్ని వారే చేయించి చూపిస్తారు. ఆ అవకాశం ఇస్తే తప్పక వెళ్లండి. సిబ్బంది వేళ్లు మీ తల మీద ఎంత ఒత్తిడి పెడుతున్నాయో ఒకసారి అనుభవానికి వస్తే ఇంట్లో మీ చేతికి ఆ కొలత గుర్తుంటుంది.

ఇంట్లో చేసుకునేటప్పుడు గోళ్లు ముందే కత్తిరించుకుని, చేతులు సబ్బుతో కడుక్కోండి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, వేడిగా ఉండకూడదు. షవర్ నీటిని నేరుగా నాటిన చోట పడనివ్వకుండా చెంబుతోనో కప్పుతోనో, తలకు దగ్గరగా పట్టుకుని, నెమ్మదిగా పోసుకోవాలి. క్లినిక్ వారు ఫోమ్ గానీ లోషన్ గానీ ఇచ్చి ఉంటే ముందు దాన్ని పక్కుల మీద పరిచి, వారు చెప్పినంతసేపు నాననివ్వండి. సాధారణంగా ఇది పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా ఉంటుంది. తర్వాత ఘాటు లేని షాంపూను, పిల్లల షాంపూ అయినా సరే, అరచేతుల్లో నీళ్లతో కలిపి నురగ చేసుకుని, ఆ నురగను మాత్రమే తల మీద ఉంచండి. మొదటి కొన్ని స్నానాల్లో వేళ్లను అటూ ఇటూ జరపకూడదు. మునివేళ్ల మెత్తని భాగాన్ని తల మీద ఆనించి, తీసి, పక్కన ఆనించాలి. రుద్దడం, గుండ్రంగా తిప్పడం ఈ దశలో వద్దు. తల వెనుక భాగాన్ని మాత్రం మొదటి నుంచీ కొంచెం ధైర్యంగానే మెత్తగా రుద్ది కడగవచ్చు, ఎందుకంటే అక్కడ ఊడిపోయే గ్రాఫ్ట్‌లేవీ లేవు.

మళ్లీ కప్పుతో నీళ్లు పోసి నురగ అంతా పోయేలా కడిగాక, నాటిన భాగాన్ని తువ్వాలుతో తుడవకుండా గాలికే ఆరనివ్వండి. హెయిర్ డ్రయర్ వాడవలసివస్తే చల్లగాలి మీద, దూరంగా పెట్టి వాడాలి.

వారం నిండాక నుంచి పని తీరు మారుతుంది. ఎక్కువ మంది సర్జన్లు ఎనిమిదో రోజు నుంచి పదో రోజు మధ్యలో మునివేళ్లతో చిన్న చిన్న వలయాలుగా మెత్తగా రుద్దడం మొదలుపెట్టమంటారు. ఫోమ్‌లో బాగా నానిన పక్కులు అప్పుడు మెత్తబడి, వేళ్ల కింద గరుకుగా జరిగి, నీళ్లతో పాటు పోతాయి. ఆ సమయంలో అరచేతిలో ఒక గోధుమ రంగు పక్కు, దానిలోంచి పొడుచుకువచ్చిన పొట్టి వెంట్రుక ఒకటి కనిపిస్తుంది. గ్రాఫ్ట్ ఊడిపోయిందని గుండె జారిపోయేది అప్పుడే. ఊడివచ్చిన చోట రక్తం రాకపోతే గ్రాఫ్ట్ చెక్కుచెదరలేదని అర్థం; పోయినది వెంట్రుక కాడ మాత్రమే, దాన్ని పుట్టించే కుదురు చర్మం లోపల భద్రంగానే ఉంది. నిజంగా గ్రాఫ్ట్ ఊడితే చిన్న మాంసపు తునక లాంటిది వెంట్రుకతో పాటు వస్తుంది, అక్కడ ఎర్రగా రక్తం కూడా ఊరుతుంది. అలా ఒకటి రెండు పోయినా మొత్తం ఫలితంలో తేడా కనిపించదు. క్లినిక్‌కు తెలియజేసి, ఆ చోటును సెలైన్ గుడ్డతో ఆనించి రక్తం ఆపుకుంటే చాలు.

పదో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్యలో తల పక్కులు లేకుండా శుభ్రంగా కనిపించాలి. భయం వల్ల కడగడం మానేస్తే పక్కులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, కింద రసి నిలుస్తుంది, దురద పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్‌కు చోటు దొరుకుతుంది. మూడో వారంలోనూ మందమైన పక్కులు కనిపిస్తుంటే వాటిని గోటితో పీకకుండా క్లినిక్‌కే వెళ్లి తీయించుకోండి.

దురద, మందులు, వెనుక గాయం

గాయం మానేటప్పుడు దురద సహజం. పగలు చేతిని అదుపులో ఉంచుకోవచ్చు గానీ నిద్రలో చేయి దానంతటదే తల మీదికి పోతుంది. మొదటి వారం రాత్రుళ్లు పలుచని కాటన్ చేతి తొడుగులు వేసుకోవడం వింతగా అనిపించినా పనికొచ్చే ఉపాయం. సెలైన్ చల్లితే దురద కాసేపు తగ్గుతుంది. ఎక్కువగా ఉంటే యాంటీహిస్టమిన్ మాత్ర వైద్యులను అడిగి వాడండి. కొబ్బరి నూనె, కలబంద గుజ్జు, ఇంట్లో నూరిన లేపనాలు వంటివి మానని గాయం మీద సొంతంగా పూయకూడదు.

యాంటీబయాటిక్ రాస్తే చెప్పిన రోజులన్నీ వాడాలి. నొప్పికి పారాసిటమాల్ సాధారణంగా సురక్షితం. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి రక్తస్రావాన్ని పెంచగలవు కాబట్టి అడగకుండా వేసుకోకండి. అయితే గుండె జబ్బు కోసం ఆస్పిరిన్‌ను గానీ రక్తం పలుచబరిచే మరో మందును గానీ రోజూ వాడుతున్నవారు దాన్ని సొంతంగా ఆపడం మరింత ప్రమాదకరం. ఆపాలా, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలన్నది ఆ మందు రాసిన వైద్యులే నిర్ణయించాలి.

ఎఫ్‌యూఈ చేయించుకున్నవారి తల వెనుక చిన్న గాయాలు వారం లోపలే పైకి మూసుకుంటాయి. ఇచ్చిన ఆయింట్‌మెంట్‌ను పలుచగా రాస్తే ఎండిపోయి బిగుసుకోవడం తగ్గుతుంది. ఎఫ్‌యూటీ కుట్లను సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. కుట్లు తీసినంత మాత్రాన కోత పూర్తి బలం పుంజుకున్నట్టు కాదు. మెడను ఛాతీ మీదికి బలంగా వంచడం, బరువులెత్తడం వంటివి నాలుగు నుంచి ఆరు వారాల వరకు మానుకోకపోతే మచ్చ వెడల్పవుతుంది. తల వెనుక, మాడు మీద స్పర్శ తగ్గడం లేదా చిమచిమలాడడం కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు ఉండవచ్చు. తెగిన సన్నని నరాలు తిరిగి పెరిగేకొద్దీ స్పర్శ వస్తుంది. ఎఫ్‌యూటీలో దీనికి ఎక్కువ సమయం పడుతుంది.

పొగ, మద్యం, శ్రమ, ఎండ

నికోటిన్ సూక్ష్మ రక్తనాళాలను సంకోచింపజేస్తుంది. కొత్త నాళాలు కలిసే రోజుల్లో గ్రాఫ్ట్‌కు ఇంతకంటే పెద్ద శత్రువు లేదు. అరుదుగా జరిగేదే అయినా చర్మం కొంతమేర నల్లబడి చచ్చిపోయే ప్రమాదం పొగతాగేవారిలో, అదుపులో లేని మధుమేహం ఉన్నవారిలో ఎక్కువ. కనీసం రెండు వారాలు సిగరెట్, వేప్, నికోటిన్ ఉన్న మరే రూపమూ ముట్టకూడదు. మద్యం రక్తస్రావాన్ని, వాపును పెంచుతుంది, మాత్రలతోనూ పొసగదు కనుక వారం పాటు దూరంగా ఉండడం మంచిది.

నడక రెండో రోజు నుంచే మొదలుపెట్టవచ్చు. రక్తపోటు పెంచే, చెమట పట్టించే వ్యాయామం రెండు వారాలు వద్దు. లైంగిక చర్య కూడా శ్రమ కిందికే వస్తుంది, అడగడానికి సంకోచించేవారు అది కూడా వారం పాటు వాయిదా వేసుకోవాలని గుర్తుంచుకుంటే చాలు. ఈత కొలనులోని క్లోరిన్, చెరువు నీళ్లలోని సూక్ష్మక్రిములు, ఆవిరి గదుల వేడి నెల రోజుల వరకు పనికిరావు.

కొత్త చర్మం ఎండకు త్వరగా కందిపోతుంది, రంగు మారిన మచ్చ చాలాకాలం నిలిచిపోవచ్చు. సర్జన్ అనుమతించిన రోజు నుంచి తలకు తగలకుండా వదులుగా ఉండే టోపీ పెట్టుకోండి, గాయం పూర్తిగా మానాక సన్‌స్క్రీన్ వాడండి. హెల్మెట్ విషయంలో కచ్చితంగా ఉండాలి: బిగుతుగా లోపలికి దూర్చి, లాగి తీయవలసిన వస్తువు అది కనుక రెండు వారాల వరకు పెట్టుకోకూడదు, అలాగని హెల్మెట్ లేకుండా బండి నడపడమూ కుదరదు కాబట్టి, ఆ రోజులకు రాకపోకలు వేరే విధంగా ఏర్పాటు చేసుకోవాలి. తలకు రంగు వేయడం నెల దాటాకే. వెనుక భాగాన్ని నెల తర్వాత ట్రిమ్ చేయించవచ్చు, నాటిన చోట కత్తెర వరకే అనుమతించి, మెషీన్‌ను రెండు మూడు నెలల దాకా ఆపండి.

వెంటనే వైద్యులను కలవవలసిన సందర్భాలు

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటినా, చీము కారినా, ఎరుపు రోజురోజుకూ వ్యాపిస్తున్నా, తగ్గవలసిన నొప్పి మూడో రోజు తర్వాత పెరుగుతున్నా, నాటిన చోట చర్మం ముదురు ఊదా రంగుకో నలుపుకో మారుతున్నా అదే రోజు క్లినిక్‌ను సంప్రదించాలి. ఫోటో పంపి జవాబు కోసం ఎదురుచూడడంతో సరిపెట్టుకోకండి. మందు వేసుకున్నాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ముఖం, పెదవులు ఒక్కసారిగా ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా క్లినిక్ కోసం వెతకకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. దూర ప్రాంతంలో చికిత్స చేయించుకుని తిరిగి వచ్చినవారు, అవసరమైతే చూడగల చర్మవైద్యులొకరిని సొంత ఊళ్లో ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

నాటిన జుట్టు రాలిపోయినప్పుడు

రెండో వారం చివరికి తల శుభ్రంగా, నాటిన పొట్టి వెంట్రుకలు వరుసగా కనిపిస్తూ ఉంటాయి. సరిగ్గా ఆ సంతోషంలో ఉండగా అవి రాలడం మొదలుపెడతాయి. రెండో వారం నుంచి ఎనిమిదో వారం వరకు నాటిన వెంట్రుకల్లో అధిక భాగం ఊడిపోతుంది. చోటు మారిన ఒత్తిడికి కుదురు విశ్రాంతి దశలోకి వెళ్లి, పాత వెంట్రుక కాడను వదిలేస్తుంది. కుదురు బతికే ఉంటుంది, మూడు నాలుగు నెలలకు కొత్త వెంట్రుకను పుట్టిస్తుంది. కొందరిలో నాటిన చోటు చుట్టూ ఉన్న పాత జుట్టు కూడా తాత్కాలికంగా పలుచబడి, రెండో నెల చివరికి తల ఆపరేషన్‌కు ముందుకంటే అధ్వానంగా కనిపిస్తుంది. ముందే చెప్పినా సరే, ఈ దశలో దిగులుపడనివారు అరుదు. రోజూ దువ్వెనలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవడం మానేసి, నెలకొకసారి ఒకే చోట, ఒకే వెలుతురులో, జుట్టు పొడిగా ఉన్నప్పుడు ముందు నుంచి, పై నుంచి, రెండు పక్కల నుంచి ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆరో నెలలో వాటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే మార్పు తెలుస్తుంది. అద్దం రోజువారీ మార్పును చూపలేదు.

మూడో నెల ప్రాంతంలో మొలిచే వెంట్రుకలు సన్నగా, రంగు తక్కువగా, ఒక్కోసారి వంకరగా ఉంటాయి. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతూ, ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య క్రమంగా మందమవుతాయి. అన్నీ ఒకేసారి రావు. ముందు వరుస పన్నెండో నెలకు దాదాపు పూర్తి రూపానికి వస్తుంది, మాడు భాగానికి పదిహేను నుంచి పద్దెనిమిది నెలలు పట్టడం మామూలే. కొత్త వెంట్రుక చర్మాన్ని చీల్చుకుని వచ్చే మొదటి నెలల్లో నాటిన చోట, కుదుళ్లు తీసిన చోట చిన్న మొటిమలు లేస్తుంటాయి. ఒకటి రెండయితే గోరువెచ్చని తడి గుడ్డ రోజుకు కొన్నిసార్లు ఆనిస్తే తగ్గిపోతాయి. గుంపుగా వచ్చినా, చీము పట్టినా చూపించుకోవాలి, చిదమకూడదు.

మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ గురించి

నాటిన కుదుళ్లు వెనుక భాగపు స్వభావాన్ని నిలుపుకుంటాయి కనుక సాధారణంగా పురుష హార్మోన్ల ప్రభావానికి లొంగవు. అమెరికా వైద్యుడు నార్మన్ ఒరెంట్రీచ్ 1959లో ప్రచురించిన ఈ పరిశీలన మీదే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అంతా నిలబడి ఉంది. అయితే ముందు భాగంలో, మాడు మీద అంతకుముందే ఉన్న జుట్టుకు ఆ రక్షణ లేదు. బట్టతల దాని దారిన అది సాగుతూనే ఉంటుంది. మందులు వాడకుండా వదిలేస్తే కొన్నేళ్లకు నాటిన జుట్టు ఒక ముక్కగా మిగిలి, దాని వెనుక ఖాళీ ఏర్పడవచ్చు.

జుట్టు రాలడం తగ్గడానికి తలకు రాసుకునే మినాక్సిడిల్‌ను ఆపరేషన్ తర్వాత గాయం మానేదాకా, అంటే సాధారణంగా ఒకటి రెండు వారాలు ఆపి, సర్జన్ చెప్పాక మళ్లీ మొదలుపెడతారు. మానని చర్మం మీద అందులోని ఆల్కహాల్, ప్రొపిలీన్ గ్లైకాల్ వంటివి మంట పుట్టిస్తాయి. మొదలుపెట్టిన తొలి వారాల్లో కొంత జుట్టు రాలడం ఈ మందు వల్ల కూడా జరుగుతుంది, దాన్ని చూసి ఆపేయకండి. ఫినాస్టెరైడ్ బట్టతలకు పురుషులకు రాసే మాత్ర. లైంగిక ఆసక్తి తగ్గడం, మనసు దిగులుగా ఉండడం వంటి దుష్ప్రభావాలు కొందరిలో కనిపిస్తాయి కనుక వైద్యులతో విడమరిచి మాట్లాడాకే వాడాలి. ప్రోస్టేట్ పరీక్షలో చూసే పీఎస్ఏ విలువను అది దాదాపు సగానికి తగ్గిస్తుంది కాబట్టి ఆ పరీక్ష చేయించుకునేటప్పుడు ఈ మాత్ర వాడుతున్నట్టు చెప్పాలి. గర్భిణులు పగిలిన ఫినాస్టెరైడ్ మాత్రలను తాకకూడదు, కడుపులోని మగశిశువుకు హాని జరగవచ్చు.

మరోసారి నాటించుకోవాలా అన్న ఆలోచనను పన్నెండో నెలకు ముందు మొదలుపెట్టకండి. మాడు మీద చేయించుకున్నవారు ఇంకా ఆగాలి. వచ్చిన జుట్టు ఎంతో తేలకముందే రెండోసారి నాటితే అప్పటికే మొలవబోతున్న కుదుళ్లు దెబ్బతినవచ్చు, తల వెనుక ఉన్న పరిమితమైన నిల్వా వృథా అవుతుంది. ఆ రోజు కోసం ఇప్పుడే చేసి పెట్టుకోదగిన పని ఒకటి ఉంది. ఎన్ని గ్రాఫ్ట్‌లు తీశారు, ఏ భాగం నుంచి తీశారు, ఎంత వ్యాసమున్న పంచ్ వాడారు, ఎక్కడెక్కడ ఎన్ని నాటారు, ఏ మత్తు మందు ఎంత ఇచ్చారు అన్న వివరాలతో ఆపరేషన్ రికార్డు నకలును క్లినిక్ నుంచి అడిగి తీసుకుని, మొదటి రోజు ఫోటోలతో కలిపి భద్రపరచండి. రెండోసారి చూసే సర్జన్ మరొకరైతే, మీ తల వెనుక ఇంకా ఎంత తీయవచ్చో వారు అంచనా వేయడానికి ఆ కాగితం ఎంతో అవసరమవుతుంది.